కాలువకి నీళ్లొచ్చేలోగా

మా ఊళ్లో ఊరికే నడిచేవాళ్లు ఎవరూ ఉండేవారు కాదు. పొలానికి నడిచేవారు, రేవుకి నడిచేవారు, బస్సు తప్పిపోతే పక్క ఊరి దాకా కండక్టర్ని తిట్టుకుంటూ నడిచేవారు. అంతే తప్ప ఏ పనీ లేకుండా, సాయంత్రం పూట ఇంటిల్లిపాదీ బయలుదేరి, గట్టు మీద కొంత దూరం వెళ్లి, వెళ్లినవాళ్లు వెళ్లినట్టే వెనక్కి రావడమన్నది మా ఇంటితోనే మొదలైంది. దానికి కారణం మా మామ్మ కాలు.

మామ్మ అంటే నాన్నగారి అమ్మ. ఆ ఏడు చలికాలంలో పెరట్లో నూతి దగ్గర నాచు మీద జారిపడింది. రాజమండ్రి తీసుకెళ్లి పిండికట్టు వేయించారు. కట్టు విప్పేనాటికి మామిడిచెట్లకి పిందెలు దిగాయి. ఎముక చక్కగా అతికింది కాని, ఇన్నాళ్లూ కదలని కాలు కర్రలా బిగుసుకుపోయింది. రోజూ నడిపించమని డాక్టరుగారు గట్టిగా చెప్పి పంపారు. మామ్మ మంచం దగ్గర్నుంచి వీధి అరుగు దాకా వెళ్లి, అక్కణ్ణుంచి మళ్లీ మంచం దాకా వచ్చి, "అయింది మీ నడక" అనేది.

నిజానికి ఆ కాలు బాగుపడాలని మా అందరికంటే ఆవిడకే ఎక్కువ ఉంది. కాలువ కట్టేసే రోజులు దగ్గర పడుతున్నాయి.

ఏటా రెండో పంట, దాళ్వా కోతలయ్యాక మా కాలువలకి నీళ్లు ఆపేస్తారు. పూడిక తీయడం, లాకుల తలుపులు బాగుచేయడం, గట్లకి రాయి పేర్చడం, అన్నీ ఆ ఎండల్లోనే. మళ్లీ తొలకరి ముందు ధవళేశ్వరంలో నీళ్లు వదులుతారు. ఈ మధ్య రోజుల్లో కాలువ కాలువలా ఉండదు. పడవలు కనబడవు. అటూ ఇటూ జనాన్నీ బళ్లనీ దాటించే బల్లకట్టు అడుగున మట్టి మీద కూర్చుండిపోతుంది. గుంటల్లో మిగిలిన నీళ్ల చుట్టూ కొంగలు చేరతాయి. అవతలి గట్టుకి వెళ్లేవాళ్లు చెప్పులు చేత్తో పట్టుకుని కాలువలోంచే నడిచి వెళ్లిపోతారు.

మామ్మ పుట్టిల్లు ఆ అవతలి గట్టునే ఉంది. మా రేవులో నిలబడితే ఆ ఊరి కొబ్బరిచెట్ల తలలు కనబడతాయి. అన్నదమ్ములు లేకపోవడంతో ఆవిడ చెల్లెలికి ఇల్లరికపు అల్లుణ్ణి తెచ్చారు. ఆ చెల్లెలే మాకు చిన్న మామ్మ. ఇంత దగ్గరి పుట్టింటికి మామ్మ ఏడాదికి ఒక్కసారే, కాలువ కట్టేసినప్పుడే వెళ్లేది. ఎందుకంటే ఆవిడ బల్లకట్టు ఎక్కదు. కొత్త పెళ్లికూతురిగా కాపురానికి వస్తున్నప్పుడు దాని మీద ఎవరి ఎద్దో బెదిరిందట. బల్లకట్టు ఒక పక్కకి ఒరిగి, ఒళ్లో పెట్టుకున్న సారెబుట్ట కాలువలో పడిపోయిందట. అరిసెలు నీళ్ల మీద తేలుతూ వెళ్లిపోతుంటే అత్తగారి తరఫు వాళ్లందరూ నవ్వారట. ఆ నవ్వుని ఆవిడ, మనవరాలినైన నా కాలం దాకా కూడా క్షమించలేదు. పోనీ లాకుల మీదుగా చుట్టూ తిరిగి వెళ్దామంటే, రెండు బస్సులు మారాలి. బస్సు ఆవిడకి పడదు. ఊరు దాటకముందే కడుపులో తిప్పుతుంది.

మామూలుగా అయితే చిన్న మామ్మే వచ్చిపోతూ ఉండేది. ఆ చలికాలం ఆవిడకి ఉబ్బసం తిరగబెట్టింది. వీధి చివర దాకా కూడా రాలేకపోతోందని కబురు వచ్చింది. కాబట్టి ఈ వేసవిలో మామ్మ కాలువ దాటకపోతే అక్కాచెల్లెళ్లు ఒకరి ముఖం ఒకరు చూసేది మళ్లీ వచ్చే వేసవికే. ఆ వయసులో వచ్చే వేసవి సంగతి ఇద్దరూ అంత ధీమాగా మాట్లాడేవారు కాదు.

నాన్నగారు బడిపంతులు. సెలవులు ఇచ్చేశారు. మామ్మ మంచం పక్కన కూర్చుని, "రోజూ కొంచెం కొంచెం పెంచుకుంటూ పోదామే అమ్మా. నీళ్లొదిలేలోగా నీ కాళ్ల మీద నిన్ను మీ ఊరు తీసుకెళ్లే పూచీ నాది. అందరం వస్తాం, సరేనా?" అన్నారు.

"అందరూ దేనికిరా? ఊరేగింపా?" అంది మామ్మ. కాని మర్నాడు సాయంత్రం చల్లబడే వేళకి తల దువ్వించుకుని, ఉతికిన చీర కట్టుకుని, చేతికర్ర పట్టుకుని అరుగు మీద సిద్ధంగా కూర్చుంది.

అలా బయలుదేరాం. ముందు మా చెల్లి. దానికి అప్పుడు ఎనిమిదేళ్లు. నోరు మాత్రం అంతకంటే పెద్దది. దాని వెనక మామ్మ, ఆవిడ పక్కన నాన్నగారు. వాళ్ల వెనక అమ్మ. అందరికంటే ఆఖరున నేను. బి.ఏ. ఆఖరి పరీక్షలు రాసి ఫలితాల కోసం ఎదురుచూస్తున్నాను. నలుగురిలోకి రావడమంటే నాకు చచ్చేంత సిగ్గు. ఎవరైనా పలకరిస్తే జవాబు నా గొంతులోంచి బయటికి వచ్చేసరికి అడిగినవాళ్లు వెళ్లిపోయేవారు. అందుకని క్యాలెండరు కాగితం అట్ట వేసిన పుస్తకం ఒకటి వెంట పట్టుకెళ్లేదాన్ని. మామ్మ ఎక్కడ కూర్చుంటే అక్కడ నేనూ కూర్చుని అందులో తల దూర్చేయొచ్చు.

మొదటి రోజు నాలుగిళ్లు దాటామో లేదో పాలకేంద్రం దగ్గర ఒకాయన ఆపాడు. "ఎక్కడికండి మేష్టారూ, అందరూ కలిసి బయలుదేరారు?"

"ఎక్కడికీ లేదండి. మా మామ్మ నడక నేర్చుకుంటోంది" అంది చెల్లి.

ఆ మాట మాకంటే ముందు గట్టు చేరింది. రేవులో బట్టలుతుకుతున్న ఆడవాళ్లు చేతులాపి మామ్మ అడుగులు చూడసాగారు. ఒకావిడ "బాగా నడుస్తన్నారండి పెద్దమ్మగారూ" అని మెచ్చుకుంది కూడా. అంతే, మామ్మ గిరుక్కున వెనక్కి తిరిగింది. "అరవయ్యేళ్లు నడిచినదాన్ని. ఇప్పుడు నాకు చప్పట్లు కొడతారంట. నేను రాను" అంది.

ఆ చిక్కు విప్పింది అమ్మ. మా ఊరికి కావలసింది అబద్ధమూ కాదు, నిజమూ కాదు, ఒక పని. ఏ పని మీద వెళ్తున్నామో చెబితే ఎవరూ రెండో ప్రశ్న వేయరు. అందుకని రోజూ పొద్దున్నే అమ్మ ఆ సాయంత్రానికి ఒక పని పుట్టించేది. "ఇవాళ గోంగూర కోసం తోటకి." "ఇవాళ ఇటికల బట్టీ దగ్గరికి, పెరటిగోడకి ఇటికలు చూడ్డానికి." "ఇవాళ ముంజెలకి." చెల్లికి అది పాఠంలా చెప్పించి, రెండుసార్లు అప్పజెప్పించుకుని గాని గుమ్మం దాటనిచ్చేది కాదు.

తమాషా ఏమిటంటే చెప్పినందుకు ఆ పనులన్నీ నిజంగా చేయాల్సి వచ్చేది. గోంగూర కోసమన్న రోజు తోటలో ముసలాయన ఒడి నిండా కోసి ఇచ్చాడు. మర్నాడు మా ఇంట్లో గోంగూర పప్పు, గోంగూర పచ్చడి, గోంగూర పులుసు. ఇటికల బట్టీ దగ్గర పచ్చి ఇటికల వరసల మధ్య మామ్మకి పీట వేసి కూర్చోబెట్టారు. బట్టీ కాలుతుంటే వచ్చే ఆ మట్టివాసన నాకు ఇప్పటికీ ఇష్టం. పెరటిగోడ మాత్రం ఈ రోజుకీ కట్టలేదు. ముంజెలకి వెళ్లిన రోజు తాటితోపులో గాలికి ఊగుతున్న గిజిగాడి గూళ్ల కింద కూర్చుని, బొటనవేలితో ముంజెలు పొడుచుకుని తాగాం. నాన్నగారి చొక్కా మీద తాటిమరకలు పడితే అమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది. ఇంట్లో అయితే ఊరుకునేది కాదు.

కోతలైపోయిన చేలు ఎటు చూసినా ఎండుదుబ్బులతో బోడిగా ఉండేవి. గట్టు మాత్రం వేరే లోకం. నిద్రగన్నేరు చెట్ల కింద నీడ పరిచినట్టుండేది. పొద్దు వాలేసరికి సముద్రం వైపు నుంచి గాలి తిరిగేది. దాళ్వా గడ్డి మేసి వస్తున్న గేదెలు మమ్మల్ని పక్కకి తప్పించి తమ దారిన పోయేవి. ఆ ఊళ్లోనే పుట్టి పెరిగిన నేను అన్నేళ్లలో ఆ గట్టు వెంబడి బడికీ బస్సుకీ తప్ప నడవలేదు. తల వంచుకుని నడవడమే అలవాటు. ఇప్పుడు మామ్మ అడుగుకి అడుగు కలపాలి కనుక తల ఎత్తి చూడ్డానికి కావలసినంత తీరిక. తెచ్చిన పుస్తకం తెరవడం మానేశానని చాలా రోజులకి గాని నాకే తెలియలేదు.

మామ్మ కాలు మెల్లగా వదులవుతోంది. మొదట గట్టు మొదట్లో ఉన్న బొంతరాయి దాకా, తర్వాత బట్టీ దాకా, ఆ తర్వాత తాటితోపు దాకా. ఈలోగా కాలువ కట్టేశారు. ఎక్కడ కూర్చున్నా ఆవిడ చూపు మాత్రం కాలువలోకే. "ఎండిందంటావా? ఆ మధ్యలో ఇంకా తడిగా ఉన్నట్టుందే" అని నాన్నగార్ని రోజూ అడిగేది.

ఇంతలో ఇంకో గొడవ వచ్చిపడింది. మా అమ్మ పనులు ఎన్ని పుట్టించినా ఊరు మా లెక్క తేల్చేసింది. ఇంటిల్లిపాదీ, శుభ్రమైన బట్టలు, చివర తలొంచుకుని చదువుకున్న పిల్ల. ఒక రోజు గట్టు మీద పిడకలు ఏరుకుంటున్న ఒకావిడ అమ్మని పక్కకి పిలిచి అడిగింది. గొంతు తగ్గించే అడిగింది గాని, మా ఊళ్లో గొంతు తగ్గించడమంటే నలుగురికే వినబడేలా మాట్లాడటం.

"అబ్బాయి ఏం చేత్తాడండి?"

"ఏ అబ్బాయి?" అంది అమ్మ.

"అదేనండి, రోజూ చూడ్డానికెళ్తన్నారుగా."

నాకు గట్టు మీంచి కాలువలోకి దూకేయాలనిపించింది. నీళ్లుంటే దూకేదాన్నేమో. అమ్మ నోరు తెరిచేలోగా మామ్మ కర్ర ఆనించుకుని నిలబడి, ఎంతో నిదానంగా, "ఇంకా ఎవడూ నచ్చలేదే. రోజుకొకణ్ణి చూస్తన్నాం. ఇవాళ బట్టీ అటేపు సంబంధం" అంది.

"అలాగాండి!" అని ఆవిడ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. నాన్నగారు మొహం తిప్పుకుని దగ్గడం మొదలుపెట్టారు.

ఇంటికొచ్చాక నేను అన్నం తినను, రేపట్నుంచి రాను అని భీష్మించాను. మామ్మ నా మంచం దాకా కర్ర లేకుండా నడిచి వచ్చింది. "ఒసే, నీకు మొగుణ్ణి వెతకడానికి వెళ్తన్నాననుకుంటే ఊరు నన్ను గౌరవంగా చూస్తోందే. కాలు కోసం అంటే జాలిగా చూస్తోంది. ఇంకొన్నాళ్లు నీ పెళ్లి నాకు అప్పియ్యి" అంది. కర్ర లేకుండా వచ్చిందని అమ్మ గుమ్మంలోంచి సైగ చేస్తే గాని నేను గమనించలేదు. మర్నాడు సాయంత్రం మళ్లీ అందరి వెనకా బయలుదేరాను.

ఒక సాయంత్రం లాకుల వైపు నుంచి కాలువ లస్కరు సైకిలు మీద ఎదురయ్యాడు. కాలువల మీద నీళ్ల సంగతి చూసేది అతనే. నాన్నగారికి దణ్ణం పెట్టి, "శుక్రవారం మజ్జాన్నానికి మన రేవుకి నీళ్లొచ్చేత్తాయంటన్నారండి" అన్నాడు.

అది ఆదివారం. మామ్మ ముఖం చూశాను. ఆవిడ చూపు అవతలి గట్టు కొబ్బరిచెట్ల మీద ఉంది.

"రేపే వెళ్లిపోదాం" అన్నారు నాన్నగారు ఇంటికి రాగానే.

"సోమవారం తూర్పుకి శూలరా. పుట్టింటికి శూలకి ఎదురెళ్తామేంటి?"

"పోనీ మంగళవారం."

"మంగళవారం, పైగా అష్టమి. నీకేవైనా మతుందా?"

"బుధవారం?"

"నవమి."

మామ్మకి పంచాంగం నోటికొచ్చు. నాన్నగారు గోడ గడియారం వంకా, క్యాలెండరు వంకా చూసి నిట్టూర్చారు. చివరికి గురువారం దశమి, సాయంత్రం మంచి ఘడియలు అని తేలింది. గురువారం పొద్దు వాలాక వెళ్లి, రాత్రి అక్కడే ఉండి, శుక్రవారం తెల్లారగానే, నీళ్లు రాకముందే తిరిగి వచ్చేయాలని నిర్ణయమైంది. ఆ నాలుగు రోజులూ నాన్నగారు గట్టు మీదికి వెళ్లి ఎగువకి చూసి రావడం, మామ్మ "వచ్చాయా?" అనడం, "లేదు" అనడం. ఆ మధ్యలో ఒక జల్లు పడితే ఇంట్లో ఎవరికీ చల్లగా అనిపించలేదు.

గురువారం వచ్చింది. చెల్లి ఎవరూ అడగకుండానే దారి పొడవునా "మా మామ్మ పుట్టింటికి వెళ్తోందండి" అని చాటింపు వేసింది. ఆ రోజు మాత్రం దాన్ని ఎవరూ ఆపలేదు.

రేవు మెట్లు ఒక్కొక్కటీ దిగాం. అంతవరకూ గట్టు మీద నుంచి చూసిన కాలువని అడుగు నుంచి చూడటం వింతగా ఉంటుంది. గట్లు రెండూ కొండల్లా లేచి, మధ్యలో మనం చీమల్లా ఉంటాం. బీటలు తీసిన మట్టి పెంకుల్లా కాళ్ల కింద కదులుతోంది. ఎక్కడ చూసినా గుల్లలు. ఎవరి చేతిలోంచి జారిందో ఒక ఇత్తడి చెంబు సగం కూరుకుపోయి కనిపించింది. బల్లకట్టు నడిపేవాడు కాలువలో ఇవతలి పక్కన తన బల్లకట్టుకి నీళ్లు ఎక్కకుండా నల్లటి కీలు పూస్తున్నాడు. మామ్మకి అక్కడికి చేరేసరికి ఆయాసం వచ్చింది. చుట్టూ చూసి, వేరే చోటు లేక, ఆ బల్లకట్టు అంచు మీదే కూర్చుంది.

"మామ్మ బల్లకట్టు ఎక్కిందోయ్!" అని చెల్లి గంతులేసింది.

"నీళ్లు లేనప్పుడు ఇది బల్లకట్టేంటే? ఉత్త బల్ల" అంది మామ్మ.

"ఆయ్, రేపీపాటికి నీళ్లొచ్చేత్తాయండి పెద్దమ్మగారూ. ఇక్కడే కూకోండి, దానంతటదే తేల్చుకెళ్లిపోద్ది" అన్నాడు అతను. మామ్మ చటుక్కున లేచి నిలబడింది.

అసలు కష్టం అక్కడినుంచి పది బారల్లో ఉంది. మామ్మ అనుమానించినట్టే కాలువ నడిమధ్య ఇంకా సన్నగా నీళ్లు పారుతున్నాయి. రెండు పక్కలా పాదం మునిగే బురద. దాటడానికి ఒక తాటిపట్టె వేసి ఉంది. మిగిలినవాళ్లకి అది లెక్కలోది కాదు. చెల్లి అప్పుడే రెండుసార్లు అటూ ఇటూ పరిగెత్తింది. మామ్మ మాత్రం ఆ పట్టె ముందు ఆగిపోయింది. కాలు ముందుకి చాచింది, వెనక్కి తీసుకుంది.

"ఎత్తుకుని దాటించేస్తానే అమ్మా. ఎంతసేపు?" అన్నారు నాన్నగారు.

"మోయించుకోడానికేనా ఇన్నాళ్లూ నడిచింది? మా చెల్లెలు గట్టు మీంచి చూస్తా ఉంటే కొడుకు చంకెక్కి వెళ్లనా?"

తలెత్తి చూస్తే నిజంగానే అవతలి గట్టు మీద, కొబ్బరిచెట్టు మొదట్లో, కుర్చీ వేసుకుని చిన్న మామ్మ కూర్చుని ఉంది. వీధి చివరికి రాలేనిది గట్టు దాకా ఎలా వచ్చిందో, ఎవరు తెచ్చారో తెలియదు. చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకుని మావైపే చూస్తోంది.

మామ్మ కర్ర నాన్నగారికి ఇచ్చేసింది. నావైపు తిరిగి, "నువ్వు రా. నువ్వు మాట్లాడవు. అదిగో జాగ్రత్త, ఇదిగో జాగ్రత్త అనేవాళ్లుంటే నేను పడిపోతాను" అంది. నా మౌనానికి అంత గిరాకీ రావడం అదే మొదలు. నేను పట్టె మీద వెనక్కి నడుస్తూ, రెండు చేతులూ చాచి ఆవిడ చేతులు పట్టుకున్నాను. ఆవిడ నీళ్లవైపు చూడలేదు, పట్టె వైపూ చూడలేదు. నా ముఖంలోకే చూస్తూ అడుగులో అడుగు వేసింది. మధ్యలో కాలు ఒకసారి వణికింది. నేను పట్టు వదల్లేదు. ఆవిడ ఆగి, సర్దుకుని, మళ్లీ వేసింది. అవతల బురదలో పాదం దిగబడగానే, "హమ్మయ్య, మా ఊరి మట్టి" అంది.

అవతలి గట్టు ఎక్కడానికి చాలాసేపు పట్టింది. పైకి చేరాక అక్కాచెల్లెళ్లు కౌగిలించుకుంటారేమోనని నేను ఎదురుచూశాను. ఇద్దరూ ఒకరినొకరు కిందనుంచి పైదాకా చూసుకున్నారు.

"చిక్కిపోయావే" అంది చిన్న మామ్మ.

"నువ్వు బాగా బలిసావా ఏంటి?" అంది మామ్మ.

అంతే. తర్వాత ఒకే కుర్చీలో నువ్వు కూర్చో అంటే నువ్వు కూర్చో అని దెబ్బలాడుకుని, ఇద్దరూ కింద గడ్డి మీద కూర్చున్నారు. కుర్చీలో చెల్లి ఎక్కింది.

శుక్రవారం తెల్లారింది. నాన్నగారు మొహం కడుక్కుని, చొక్కా తొడుక్కుని, "ఇంక బయలుదేరదామే అమ్మా" అన్నారు. చిన్న మామ్మ వంటింట్లోంచి ఆయాసపడుతూనే వచ్చింది.

"ఇవాళ వారం ఏంట్రా?"

"శుక్రవారం పిన్నీ."

"శుక్రవారం పూట ఆడపిల్లని పుట్టింట్లోంచి పంపమంటావా? ఇంటి లక్ష్మి దాని వెనకే వెళ్లిపోదూ? నువ్వూ నీ పెళ్లాం పిల్లలూ వెళ్తే వెళ్లండి. మా అక్క కదలడానికి వీల్లేదు."

 ఆదివారం నుంచి గురువారం దాకా వెళ్లడానికి తిథి చూశాం, వారం చూశాం, దిక్కు చూశాం, ఘడియలు చూశాం. తిరిగి రావడం ఏ వారమో మాలో ఒక్కరమూ చూడలేదు. నాన్నగారు మెల్లగా మామ్మ వైపు తిరిగారు.

"అమ్మా, నీకు పంచాంగం అంతా నోటికొచ్చు కదా?"

మామ్మ దూలాల వంక చూస్తోంది. "వెళ్లడానికి చూడమన్నావు, చూశాను. రావడానికి ఎవరు చూడమన్నారు?"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ నవ్వు ఆపుకోవడం నాకు బాగా తెలుసు. చెల్లి మామ్మకి తోడుగా ఉంటానని స్తంభం పట్టుకుంది. చివరికి నాన్నగారూ అమ్మా నేనూ ముగ్గురమే తిరుగుముఖం పట్టాం.

మా రేవు మెట్ల మీద కూర్చుని నీళ్ల కోసం చూశాం. లస్కరు చెప్పినట్టు మధ్యాహ్నానికి వచ్చాయి. వరదలా రావు. ముందు ఒక సన్నని నాలుక, నురగ, ఎండుగడ్డి, రాలిన ఆకులు నెట్టుకుంటూ, బీటలు ఒక్కొక్కటీ నింపుకుంటూ వస్తుంది. దాని ముందు పిల్లలు కేకలేస్తూ పరిగెడతారు. తాటిపట్టె కదిలింది. సాయంత్రానికి బల్లకట్టు కిర్రుమని లేచింది. మామ్మ అవతల ఉండిపోయింది.

ఇక మా నడకలు మానలేదు. కాకపోతే దారి ఒక్కటే, రేవుకి. అవతలి రేవులోకి మామ్మా చెల్లీ వచ్చేవారు. మధ్య కాలువ. కబుర్లు చెప్పాలంటే అరవాలి. నాన్నగారి గొంతు బడిలో అరిచి అరిచి ఏనాడో పోయింది. అమ్మ, "అత్తగారిని గట్టు మీంచి అంత గొంతేసుకుని పిలిస్తే ఊళ్లో బతకనిస్తారా?" అంది. ఇద్దరూ నావైపు చూశారు.

"మామ్మా" అన్నాను.

"ఎవరో పిలిచినట్టుందే?" అని అవతల్నుంచి మామ్మ చెల్లిని అడగడం మాకు స్పష్టంగా వినబడింది.

రేవులో బట్టలుతుకుతున్న వాళ్లు, ఎద్దులు కడుగుతున్న వాళ్లు, బల్లకట్టు మీద దాటుతున్న వాళ్లు, అందరూ చూస్తున్నారు. చెవులు వేడెక్కిపోయాయి. కళ్లు మూసుకుని, కడుపులోంచి, "మామ్మా! ఎలా ఉన్నావు?" అని అరిచాను. కొబ్బరిచెట్టు మీద కాకి లేచిపోయింది.

"బానే ఉన్నానే! ఆవకాయ మూడో రోజు కలిపారా?"

"కలిపాం!"

"ఉప్పు?"

అమ్మ గొణిగింది. "సరిపోయిందట!" అని అరిచాను.

అలా మొదలైంది. రెండో రోజు అంత సిగ్గనిపించలేదు. మా గేదె ఈనిన రోజు "పెయ్యా, దున్నా?" అని అవతల్నుంచి ముగ్గురు అడిగితే, వాళ్లలో ఇద్దరు నాకు తెలియనివాళ్లే అయినా, "పెయ్యే!" అని జవాబు చెప్పాను. మా ఇంట్లో ఏం కూర, ఎవరికి జలుబు, పిల్లి ఎక్కడ పిల్లల్ని పెట్టింది, అన్నీ రెండు ఊళ్లకీ తెలుస్తున్నాయి. బల్లకట్టతను నాన్నగారితో, "ఆయ్, అమ్మాయిగారి గొంతు లాకుల దాకా వినబడతందంటండి" అన్నాడు. "ఇంటికి ఎప్పుడొస్తావు మామ్మా?" అని రోజూ ఆఖరున అడిగేదాన్ని. "మళ్లీ కాలువ కట్టేశాక!" అనేది. మొదట్లో అందరం నవ్వాం. వారం గడిచాక నాన్నగారు నవ్వడం మానేశారు.

పేపర్లో డిగ్రీ ఫలితాలు వచ్చిన రోజు పోస్టాఫీసు అరుగు మీద నా నంబరు చూసుకున్నాను. ఇంటికి వెళ్లాల్సినదాన్ని, కాళ్లు రేవుకి తీసుకెళ్లాయి. వెంట ఎవరూ లేరు. మిట్టమధ్యాహ్నం. అవతల కూడా ఎవరూ లేరు. అయినా నిలబడి అరిచాను. "మామ్మా! పాసయ్యాను! ఫస్ట్ క్లాసు!" ఎవరో వెళ్లి చెప్పినట్టున్నారు, కొబ్బరిచెట్ల మధ్యనుంచి చెల్లి పరిగెత్తుకు వచ్చింది. దాని వెనక మామ్మ, కర్ర లేకుండా. ఆ వెనక, మెల్లగా, చిన్న మామ్మ.

"ఇంకోసారి చెప్పవే!" అంది చిన్న మామ్మ. నేను ఇంకోసారి అరిచాను. నీళ్లలో దిగి గేదెల్ని తోముతున్న వాళ్లు చప్పట్లు కొట్టారు.

మర్నాడు సాయంత్రం మేము రేవుకి వెళ్లేసరికి బల్లకట్టు అటునుంచి వస్తోంది. సరిగ్గా మధ్యలో, రెండు కాళ్లూ బారచాపి, కళ్లు గట్టిగా మూసుకుని మామ్మ కూర్చుని ఉంది. ఒళ్లో సారెబుట్ట. దాన్ని పసిపిల్లని పట్టుకున్నట్టు రెండు చేతులతో అదుముకుంది. పక్కన చెల్లి, "ఇంకా సగమే మామ్మా! ఇప్పుడు ముప్పావు!" అని చెబుతూనే ఉంది. అవతలి గట్టున కుర్చీలో చిన్న మామ్మ నిటారుగా కూర్చుని చూస్తోంది. రేవులో ఒక్కరు కూడా నవ్వలేదు.

బల్లకట్టు మెట్టుకి తగిలింది. మామ్మ ఒక కన్ను తెరిచింది. బుట్ట మీద కప్పిన గుడ్డ ఎత్తి చూసుకుంది. అరిసెలు పొడిగా ఉన్నాయి. అప్పుడు రెండో కన్ను తెరిచింది. నాన్నగారు చెయ్యి అందించబోతే బుట్ట ఆయన చేతిలో పెట్టి, తనే దిగింది.

"వచ్చే ఏడు దాకా రానన్నావుగా?" అన్నారు నాన్నగారు.

"రాకేం చెయ్యను? ఇది రోజూ ఇంటి గుట్టంతా గట్టెక్కి అరుస్తా ఉంటే! దీని నోరు మూయించడానికి వచ్చాను" అని నావైపు తిరిగింది. "ఇక చాలు. గొంతు తగ్గించు, వింటన్నావా?"

"అలాగే మామ్మా" అన్నాను, నా మామూలు గొంతుతో.

మామ్మ చెయ్యి చెవి వెనక పెట్టుకుంది. "ఏంటీ? వినబడట్లేదు!"